బాలబాలికల స్వీయరచన : కృష్ణాడెల్టా పాఠశాలల అనుభవము

ఒక కవిని గూర్చి విచారించునపుడు ఆతని గురువు లెవ్వరు, ఆతడు చదివిన గ్రంథము లెవ్వి అని సాహిత్యచరిత్రకారులు ప్రశ్నించుచునే యున్నారు. కాని ఆ కవి ఎనిమిదేండ్ల ప్రాయమున పలకమీదనో కాగితముమీదనో తనంత తాను వ్రాసిన మొదటి వాక్య మేది, దానిని విన్నవా రెవ్వరు, దిద్దినవా రెవ్వరు అను ప్రశ్నకు మన గ్రంథములలో చోటు చాల తక్కువ. కవులు కాబోని లక్షలాది పిల్లల విషయమున ఈ ప్రశ్న పుట్టనే లేదని చెప్పవచ్చును. వారు వ్రాసిన పుస్తకములు సంవత్సరాంతమున తూకమున కమ్ముడుపోవుచున్నవి. పిల్లవాడు బడిలో తన మాటను తాను వ్రాసికొనుట యెట్లు మొదలైనది, ఎట్లు పెరిగినది, ఎక్కడ ఆగిపోవుచున్నది అను విషయమును కృష్ణాడెల్టా ప్రాంతమును ఆధారముగా గొని వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా రెండు మాటలను నిర్ణయించుకొందము. పిల్లవాడు చేతితోను, కంటితోను, నోటితోను ఒక పనిచేసి దానివలన నేర్చుకొనుటను నేటి ఉపాధ్యాయులు ‘కృత్యము’ అనుచున్నారు. పాఠములోని వాక్యమును గాక తన యనుభవమును తన మాటలలో వ్రాయుట ‘స్వీయరచన’. ఈ రెంటిని ఒకచోట చేర్చి, కొందరు పిల్లలను రెండు మూడు దినములు కూర్చుండబెట్టి కథలు, గేయములు, లేఖలు వ్రాయించు కూటమునకు రచనాశిబిర మనియు, కార్యశాల యనియు, వర్క్‌షాపనియు పేరులు. పేరులు క్రొత్తవే కాని విషయము క్రొత్తది కాదు.

మా యభిప్రాయమును సంగ్రహముగా చెప్పుదుము. పిల్లవాని స్వీయరచనకు మూడు కావలెను: చెప్పుట కొక అనుభవము, చెప్పుటకు తనదైన భాష, వినుట కొక శ్రోత. కృష్ణాతీరమున ఈ మూడును వేర్వేరు కాలములందు, వేర్వేరు చోటుల సమకూరినవి. అవి మూడును ఒక్కచోట నిలకడగా నిలువకుండుటయే నేటి లోపము.

1. వీధిబడి

మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టరుల నుండి దేశీయ పాఠశాలల వివరములను కోరెను. వచ్చిన లెక్కలలో మచిలీపట్టణము జిల్లాకు 484 పాఠశాలలును, ఉన్నతవిద్య గరపు స్థానములు 49యు చూపబడినవి. కృష్ణ కావలిగట్టున నున్న గుంటూరు జిల్లాకు చూపబడిన పాఠశాలలు 574. కావున ఆనకట్ట కట్టబడుటకు (1855) మూడు దశాబ్దములకు పూర్వమే ఈ ప్రాంతమున అక్షరాభ్యాసము విరివిగా నుండెనని గ్రహింపవచ్చును.

ఆ బడులలో చదువు చెప్పు తీరును తెలిసికొనుటకు వేరొక జిల్లా నివేదిక యొకటి ఉపకరించును. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఎ. డి. కాంబెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరుగా నుండెను. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదికలో వీధిబడి చిత్రము స్పష్టముగా కలదు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములను దిద్దుదురు. చదువు ముదిరినవారు క్రిందివారికి చెప్పుదురు. ఈ పొదుపును, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించు నేర్పును కాంబెల్ మెచ్చుకొనెను. కాని ఒక లోపమునుగూడ ఆయన పట్టుకొనెను. పిల్లలు వందలకొలది పద్యములను అప్పగింతురు గాని వాని యర్థ మెరుగరు. ఏలయన పద్యముల భాషకును, ఇంటిలో మాటాడు భాషకును దూర మెక్కువ. తెలుగు బాలుని చదువును గూర్చిన విమర్శలలో రెండు శతాబ్దములనాటి ఈ మాట నేటికిని పాతబడలేదు.

ఐనను వీధిబడిని కేవలము చిలుకపలుకుల బడి యని త్రోసివేయుట న్యాయము కాదు. కంఠస్థమైన పద్యము పిల్లవాని చెవికి నడకను నేర్పినది. యతిప్రాసల పేరైనను తెలియకముందే అవి తప్పినచోట చెవికి తెలిసెడివి. అంతకన్న ముఖ్యమైనది దసరా పండుగ. ఆ దినములలో పిల్లలు విల్లంబులు చేతబట్టి, పంతులుగారి వెంట ఇంటింటికి పోయి పద్యములు చదివి, పప్పుబెల్లములు తాము పుచ్చుకొని, అయ్యవారికి సంభావన ఇప్పించెడివారు. బడిలో నేర్చినది వీధిలో వినిపింపబడినది. తల్లులు, తాతలు, బాటసారులు శ్రోత లైరి. రచన పిల్లవానిది కాకపోయినను శ్రోత లున్నారను సంగతి మాత్రము వాని కనుభవమైనది. మూడింటిలో ఒకటి వీధిబడియే యిచ్చినదని మా తలంపు.

ఈ బడిలో ఎవరికి చోటు లేదో కూడ చెప్పుకొనవలెను. బాలికలు బహుస్వల్పము. అంటరాని వారని దూరముంచబడిన కులముల పిల్లలకు గుమ్మము దాటు అధికారము లేదు. కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున 1874లో జన్మించిన బండారు అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తాను చదువుకొనుచు అక్కకు చదువు చెప్పెను. ఆమె తరువాత ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించి, తెలుగున తొలి కథకులలో నొకరుగా నిలిచినది. ఆమెకు తమ్ముడే గురువు, తమ్ముడే తొలి శ్రోత. అట్టి తమ్ములు లేని అక్కల మాట ఏమియు మనకు మిగులలేదు.

2. బందరు తరగతిగది

ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో మచిలీపట్టణము హిందూ హైస్కూలున చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) తెలుగు పండితుడుగా నుండెను. దివాకర్ల తిరుపతిశాస్త్రితో (1872–1920) జంటగా శతావధానములు చేసి సంస్థానములను గెలిచిన కవి, ప్రతిదినము గంట కొట్టగానే పుస్తకము చేతబట్టి తరగతికి వచ్చెడివాడు. ఆ పట్టణమున ఆయనకు శిష్యులైనవారిలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు ప్రముఖులు.

ఇందు గమనింపదగిన విశేష మేమి? గొప్ప గురువు గొప్ప శిష్యులను తయారుచేసె నని చెప్పి యూరకుండుట చరిత్ర కాదు. ఆ తరగతిగదిలో పిల్లల యెదుట నిలిచినవాడు కవిత్వమును గూర్చి చెప్పువాడు మాత్రమే కాదు, కవిత్వము చెప్పువాడు. అవధానమున పృచ్ఛకు డిచ్చిన సమస్య క్షణములో పద్యమై పూర్ణమగుచుండగా చూచిన బాలునికి పద్యము ఆకాశమునుండి ఊడిపడునది కాదనియు, మనుష్యుడు మాటలు పేర్చి చేయు పని యనియు తెలియును. వడ్రంగి కొట్టమున పెరిగిన పిల్లవాడు బాడిసె పట్టుటకు వెరవనట్లు అట్టి తరగతిలోని పిల్లవాడు కలము పట్టుటకు వెరవడు.

రెండవ విశేషము జంట రచన. తిరుపతి వేంకటకవులు ఇరువురును ఒక్క పేరున వ్రాసిరి. వారి శిష్యులైన పింగళి, కాటూరి కవులు ‘తొలకరి’ని, ‘సౌందరనందము’ను జంటగానే రచించిరి. దీనిని స్నేహమునకు నిదర్శనముగా మాత్రమే విమర్శకులు చూచుచున్నారు. బోధనాశాస్త్ర దృష్టితో చూచినచో ఇది యొక పద్ధతి. ఒకడు పాదము చెప్పగా రెండవవాడు వినును, అభ్యంతరము చెప్పును, మార్చును, తరువాతి పాదము నందించును. తొలి శ్రోత ప్రక్కనే యున్నాడు. ఆతడు పరీక్షకుడు కాడు, తోడివాడు. నేటి శిబిరములలో పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టి ఒకరి రచనను మరియొకరిచే చదివించుట విదేశముల నుండి వచ్చిన నూతన విధానమని కొందరు తలంచుచున్నారు. దానికి మన యింటనే పెద్ద సంప్రదాయ మున్నది.

ఆ తరగతికిని హద్దులు లేకపోలేదు. అక్కడ రచన యనగా పద్యరచన, భాష కావ్యభాష. శ్రోతయు నుండెను, తోడును ఉండెను. బాలుని ఇంటిమాటకు మాత్రము చోటు లేదు.

అదే పట్టణమున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారల సంకల్పముతో పుట్టిన ఆ విద్యాలయము పుస్తకవిద్యతోపాటు నేత, వడ్రంగము, చిత్రలేఖనము మున్నగు చేతిపనులకు స్థాన మిచ్చెను. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు అక్కడ చిత్రకళను నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. తరువాత కొంతకాలము ఆ కళాశాలకే అధ్యక్షుడుగా నుండెను. బాపిరాజు నవలలలో రంగులు, శిల్పములు, వస్త్రములు ఎంత స్పష్టముగా కనబడునో పాఠకులకు తెలియును. చేయి నేర్చినది వాక్యములోనికి వచ్చు ననుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శన మక్కరలేదు. గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో మూలవిద్యాపద్ధతిని ప్రతిపాదించుటకు ఇరువదియేడు సంవత్సరములకు ముందే బందరున ‘కృత్యము’ విద్యలో భాగమైనది.

3. వ్యాసరచన, భాషావివాదము

ఇక మిగిలినది భాష. గ్రాంథిక వ్యావహారిక వివాదమును మనము సాధారణముగా పండితుల పోరాటముగా చదువుకొనుచున్నాము. నిజమునకు అది యొక పిల్లవాని ఉత్తరపుస్తకమునుండి పుట్టినది. మదరాసు రాజధానిలో స్కూలు ఫైనలు తరగతులకు దేశభాషలో వ్యాసరచన ప్రవేశపెట్టబడగా, ఆ వ్యాసమును పిల్లవాడు ఏ తెలుగున వ్రాయవలె నను ప్రశ్న వచ్చినది. కంఠస్థము చేయించినంతకాలము ఈ ప్రశ్నకు తావు లేదు. పిల్లవానిని నీ మాట చెప్పుమనిన మరుక్షణముననే, ఏ భాషలో నని వా డడుగును.

గిడుగు వేంకట రామమూర్తి, గురజాడ అప్పారావు, శ్రీనివాస అయ్యంగారు, విద్యాధికారి జె. ఎ. యేట్సు వాడుకభాష పక్షమున నిలిచిరి. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులు ప్రభృతులును, వేదము వేంకటరాయశాస్త్రియు ఎదురు నిలిచిరి. మదరాసు విశ్వవిద్యాలయమువారు నియమించిన సంఘములో సభ్యుడుగా గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రము ఆ చర్చలో ముఖ్యమైనది. తాత్కాలికముగా గెలుపు గ్రాంథికమునకే దక్కినది. గురజాడ 1915లో గతించెను. గిడుగు మాత్రము ‘తెలుగు’ పత్రికను నడపి, ఊరూర నుపన్యసించి జీవితాంతము శ్రమించెను. ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29వ తేదీ నేడు తెలుగుభాషా దినోత్సవము.

ఈ వ్యాసమును చదువు యువపరిశోధకులు, మీరే ఇంతకు గ్రాంథికపు ఛాయలలో వ్రాయుచున్నా రేల యని మమ్మడుగవచ్చును. మాకు బడిలో దిద్దబడిన భాష ఇది. చిన్ననాడు చేతికి పట్టుబడిన నడక ముదిమిలో విడువదు. పిల్లవానికి బడి యే భాషను ఇచ్చుచున్నదో, దేనిని లాగికొనుచున్నదో జాగ్రత్తగా చూడవలె ననుటకు మేమే సాక్ష్యము.

ప్రపంచమున ఇతర చోటులను గూర్చి ఒక్కమాట చెప్పి మరల కృష్ణాతీరమునకు వత్తము. రష్యాలో టాల్‌స్టాయ్ తన గ్రామమున రైతుబిడ్డలకు బడి పెట్టి, వారు చెప్పిన కథలను చూచి ఆశ్చర్యపడి, వ్రాయుట వారు మనవద్ద నేర్చుకొనవలెనా, మనమే వారివద్దనా అని 1862లో వ్యాసము వ్రాసెను. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే యను పల్లెటూరి ఉపాధ్యాయుడు 1920ల నడుమ తరగతిలోనికి చిన్న అచ్చుయంత్రమును తెచ్చి, పిల్లల స్వేచ్ఛారచనలను పిల్లలచేతనే అచ్చువేయించి, దూరపు బడులకు పంపించెను. మొదటివాడు భాషను గౌరవించెను. రెండవవాడు శ్రోతను చూపించెను. రెండును మన సమస్యలే.

4. కృత్యముల ప్రవేశము

స్వాతంత్ర్యకాలమున పిల్లలకు బడి వెలుపల కొన్ని వేదికలు దొరికినవి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు రేడియోలో పిల్లల కార్యక్రమములను నడపిరి. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి పిల్లలు వ్రాసిన రచనలకు అందు చోటిచ్చిరి. విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. లంకగ్రామపు పిల్లవాని గొంతు జిల్లాలు దాటి వినబడుట అప్పుడు సాధ్యమైనది.

బడి లోపలి మార్పు ఆలస్యముగా వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వపు ఆర్థిక సహాయముతో 1980లలో ప్రయోగాత్మకముగా మొదలై, తరువాత రాష్ట్రమంతట విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము ఉపాధ్యాయులకు ఆరు సూత్రములను చెప్పెను. ఉపాధ్యాయుడు తానే కృత్యములను కల్పించుట. పిల్లలు చేసి, పరిశోధించి, కనుగొని నేర్చుట. ఒంటరిగాను, జట్టుగాను, తరగతి యంతయు కలిసియు పనిచేయుట. పిల్లలలోని భేదములను గమనించుట. స్థానిక పరిసరములను వినియోగించుట. పిల్లలు చేసినవానిని తరగతి గోడలపై ప్రదర్శించుట. ఆ కాలమున బడులలో త్రాళ్ళు కట్టి పిల్లల బొమ్మలను, రాతలను వ్రేలాడదీసిన దృశ్యమును అప్పటి విద్యార్థులు, నేటి ఉపాధ్యాయులు మరచియుండరు. చివరి సూత్రము మిక్కిలి విలువగలది. గోడపై నున్న రాతకు చదువరులు కలుగుదురు.

తరువాత 2005 నాటి జాతీయ విద్యాప్రణాళికా చట్రమును, 2011 నాటి రాష్ట్ర చట్రమును అనుసరించి తెలుగు వాచకములు మారినవి. పాఠము చివర నుండు అభ్యాసములకు ‘స్వీయరచన’, ‘సృజనాత్మకత’, ‘ప్రశంస’, ‘ప్రాజెక్టుపని’ అను శీర్షికలు వచ్చినవి. కథను సంభాషణగా మార్చుట, లేఖ వ్రాయుట, కరపత్రము తయారుచేయుట, గేయమును పొడిగించుట మున్నగు పనులు పిల్లల కీయబడినవి. నిరంతర మూల్యాంకనములో వీనికి మార్కులును కేటాయింపబడినవి. కాంబెల్ చూపిన లోపమునకు ఇన్నాళ్ళకు కాగితముపైనైనను సమాధానము దొరికినది.

5. రచనాశిబిరము : దాని పద్ధతి

ఇట్టి శిబిరములను భాషోపాధ్యాయులును, గ్రంథాలయములును, బాలసాహిత్య సంస్థలును నడపుచున్నారు. జనవరిలో జరుగు విజయవాడ పుస్తక మహోత్సవమువంటి సందర్భములలో పిల్లలకు రచనాపోటీలు జరుగుచుండును. పోటీ వేరు, శిబిరము వేరు. పోటీ ఉన్న శక్తిని కొలుచును. శిబిరము లేనిదానిని కలిగింపవలెను. మంచి శిబిరము నడచు క్రమమును వివరించెదము.

మొదటిది చూచుట. పిల్లలను కాలువగట్టునకో, చేనికో, సంతకో తీసికొనిపోవలెను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడుమనుండి పారుచున్నవి. లాకులు అందరి కెదుటనే యున్నవి. లాకు తలుపు లేచినపుడు నీరు ఎట్లు దూకునో చూడుమనవలెను. అక్కడ పనిచేయువారిని మాటాడింపవలెను. కరకట్ట, పాయ, లంక, బోదె, ఊడ్పులు, కుప్పనూర్పిడి అను మాటలు నిఘంటువునుండి గాక నోటినుండి వచ్చునపుడు వాని తూకము వేరు.

రెండవది చెప్పుట. వ్రాయుటకు ముందు పిల్లలు తాము చూచినదానిని వలయముగా కూర్చుండి చెప్పుకొందురు. ఇంటిలో అవ్వకు చెప్పినట్లు చెప్పుమనిన చాలును. వ్రాతకు భయపడువాడు మాటకు భయపడడు.

మూడవది తొలిరాత. ఇందు ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరా తాకరాదు. ఒత్తు తప్పినను, దీర్ఘము జారినను అప్పుడు చెప్పరాదు. నాలుగవది జంటపఠనము, తోడి పిల్లవాడు ‘ఇచ్చట నాకు తెలియలేదు’ అనుట పదిమార్కుల దిద్దుబాటుకంటె మేలు. ఐదవది తిరుగరాత, అక్షరదోషములు, వాక్యదోషములు దిద్దుటకు తగిన సమయ మిదియే. ఆరవది ప్రకటన, గోడపత్రికయో, లిఖితపత్రికయో, ప్రార్థనాసమయమున చదువుటయో ఏదో యొకటి తప్పక జరుగవలెను. వినువారు లేని రచన జాబు అందని ఉత్తరమువంటిది.

ఈ క్రమమును చూచి, పిల్లలకు ఇంత స్వేచ్ఛ నిచ్చినచో వ్యాకరణము చెడునని పెద్దలు కొందరు శంకింతురు. ఈ శంక అక్రమము కాదు. దానికి సమాధానము దిద్దుట మానుట కాదు, దిద్దుటకు వేళ చూచుట. నారు ఊడ్చిన మరునాడే కలుపుతీయ నారంభించువాడు కలుపుతో నారునుగూడ పెఱుకును. వేరు నాటుకొన్న తరువాత తీసినది కలుపు.

6. వరదను గూర్చిన వ్యాసము

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చితిమి. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగరు, పరిసర ప్రాంతములు రోజుల తరబడి నీట మునిగినవి. అదే సమయమున ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినది. వేలాది యిండ్లలో పిల్లల పుస్తకములు, బడిసంచులు, యూనిఫారములు బురదపా లైనవి. అట్టి యింటిలోని ఏడవ తరగతి బాలిక నొకతెను ఊహింతము. కొన్ని నెలలకు పరీక్షలో ‘వరదలు’ అను వ్యాసము వచ్చినది. ఆమె యేమి వ్రాయును?

గైడులో నేర్చినది వ్రాసినచో ఇట్లుండును: ‘వరదలు ప్రకృతి వైపరీత్యాలలో ఒకటి. వీటివల్ల ధన, ప్రాణ నష్టం కలుగుతుంది. ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి.’ తన మాట వ్రాసినచో ఇట్లుండ వచ్చును: ‘మంచం మీద మంచం వేసి నా పుస్తకాలు పైన పెట్టాం. నీళ్లు తీశాక గోడ మీద గీత మిగిలింది. అది నా భుజం దాకా ఉంది. సున్నం వేసేటప్పుడు అమ్మ ఆ గీత ఒక్కటీ ఉంచమంది.’ ఈ రెండును మేము కల్పించిన వాక్యములే. ఏ బాలికవియు కావు. కాని భేదము ఉపాధ్యాయులకు పరిచితమే. మొదటిదానిని వ్రాయుటకు వరద రానక్కరలేదు. రెండవదానిని వరద చూడనివారు వ్రాయలేరు.

మార్కు లెవరికి వచ్చును? ఉపాధ్యాయునికి ఒక పూటలో ఎన్నో ఉత్తరపత్రములు దిద్దవలసి యుండును. అంశములు లెక్కించి మార్కులు వేయుటకు మొదటి వ్యాసము అనుకూలము. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియును. గైడులు అచ్చువేయువారికి ఇంకను బాగుగా తెలియును. విజయవాడ తెలుగు పుస్తక ప్రచురణకు పెద్ద కేంద్రము. అచ్చటి అంగళ్ళలో నవలల ప్రక్కనే ప్రశ్నోత్తరముల పుస్తకములును దొరకును. వానిలో ‘స్వీయరచన’ ప్రశ్నకుగూడ జవాబు సిద్ధముగా నున్నది. ‘సృజనాత్మకత’ శీర్షిక క్రింద కవితయు సిద్ధముగా నున్నది. పిల్లవాడు పరుని స్వీయరచనను కంఠస్థము చేయుచున్నాడు! వీధిబడి పిల్లవాడు అర్థము తెలియని పద్యమును వల్లించెను. వానికి చెవియైనను మిగిలెను. నేటి పిల్లవాడు అర్థము తెలిసిన గద్యమునే వల్లించుచున్నాడు. వానికి చెవియు మిగులుట లేదు.

ఇందు గైడు వ్రాసినవారినిగాని, పిల్లవానినిగాని నిందించి ప్రయోజనము లేదు. ఆరవ తరగతిలో శిబిరమునకు వచ్చి కథ చదివి చప్పట్లు పొందిన బాలిక పదవ తరగతికి వచ్చుసరికి కలము ముడిచివేయుచున్నది. రెండు దినముల శిబిరము ఇచ్చినదానిని రెండువందల దినముల బడి తిరిగి తీసికొనుచున్నది. 2020 తరువాత ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము విస్తరించుటచే, డెల్టాలోని పెక్కుమంది పిల్లలకు తెలుగులో వ్రాయు అవకాశము తెలుగు పీరియడునందే మిగిలినది. ఆ యొక్క గంటయు వల్లెవేతకే పోయినచో ఒక తరమువారు తమ యింటిభాషలో తమ సంగతి ఒక్కపుటయైన వ్రాయకయే బడి విడుతురు. ఇది సాహిత్యమునకు కలుగు నష్టముమాత్రమే కాదు. తన కష్టమును అర్జీగా, లేఖగా, సాక్ష్యముగా వ్రాసికొనలేనివాని తరఫున ఎల్లప్పుడు ఇతరులే వ్రాయుదురు.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమయు, చుట్టుపట్ల తీరమును కలిపి పదివేలకు మించిన జనము నశించిరి. ఆ రాత్రి చెట్లు పట్టుకొని బ్రతికిన పిల్లలు నేడు తాతలు, అవ్వలు. పత్రికలవారు వ్రాసిరి, అధికారులు నివేదికలు పంపిరి. ఆ సంవత్సరము ఆ పిల్లలలో ఒక్కరిచేతనైనను తాను చూచినది వ్రాయించి, ఆ కాగితమును దాచిన బడి యున్నచో అంతకంటె విలువైన పత్ర ముండునా?

7. ఉపాధ్యాయులకు, పరిశోధకులకు మనవి

ఉపాధ్యాయులకు మేము చేయు సూచనలు కొద్దివి, ఖర్చు లేనివి. వారమున కొక గంట మార్కులు లేని రాతకు విడువుడు. ఆ గంటలో మీరును పిల్లలతోపాటు కూర్చుండి వ్రాయుడు; చెళ్ళపిళ్ళవారి తరగతి రహస్య మదియే. పిల్లలను జంటలుగా చదువనీయుడు. నెలకొక లిఖితపత్రికను కుట్టించి, దానిని బడి గ్రంథాలయమున గైడులకంటె పై అరలో నుంచుడు. పరీక్షలో వ్యాస మిచ్చునపుడు ‘వరదలు’ అని కాక ‘మీ యింట వాన కురిసిన ఒక రాత్రి’ అని యిండు. ప్రశ్న మారినచో గైడునకు పని యుండదు.

పరిశోధకవిద్యార్థులకు ఇంకొక పని కలదు. మన శాఖలు తాటియాకు ప్రతులను, కాగితపు ప్రతులను సేకరించి, పాఠభేదములను పరిశీలించి, పరిష్కరించి ప్రకటించినవి. అదే శ్రద్ధలో నూరవవంతు పిల్లల నోటుపుస్తకములపై చూపరాదా? పిల్లవాని తొలిరాతకును తిరుగరాతకును నడుమగల భేదములు కూడ పాఠభేదములే. ఏ మాట కొట్టివేయబడినది, దాని స్థానమున ఏది చేరినది, ‘బోదె’ పోయి ‘పంటకాలువ’ ఎప్పుడు వచ్చినది, ‘అమ్మ’ పోయి ‘మాతృమూర్తి’ ఏ తరగతిలో వచ్చినది అని చూచినచో భాష పిల్లవానిలో పెరుగుటయు, కుంచించుకొనుటయు రెండును కనబడును. జిల్లాకు పది బడులను ఎంచుకొని, పిల్లల పేరులను తొలగించి, వారి తల్లిదండ్రుల యనుమతితో సంవత్సరమున కొకసారి స్వీయరచనలను భద్రపరచినచో, ఇరువదియేండ్లకు అట్టి నిధి మరియొకటి ఉండబోదు.

అనుభవము డెల్టాలో పుష్కలముగా నున్నది. కాలువలు, పొలములు, వరదలు, వలసలు పిల్లలకు దానిని ఇచ్చుచునే యున్నవి. భాష వారి నోట నున్నది; దానిని వ్రాయవచ్చు నను హక్కుకై గిడుగు, గురజాడ పోరాడిరి. కొఱతపడినది శ్రోత. మార్కులు వేయుటకు గాక, ఏమి చెప్పెనో తెలిసికొనుటకు పిల్లవాని కాగితమును చేతిలోనికి తీసికొను పెద్దవా డొక్కడు ప్రతి బడిలో నున్నచో శిబిరము ప్రత్యేకముగా నడుపనక్కరలేదు. సంవత్సరాంతమున ఆ నోటుపుస్తకములను తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి విప్పి చదువుడని మా విన్నపము.